మీటరు చూపించని మలినం

శుద్ధి చేసిన తాగునీటిలో బ్యాక్టీరియాను ఎలా పట్టుకుంటారు?

పొద్దున్నే ఆటో ట్రాలీ వీధిలోకి వస్తుంది. ఖాళీ క్యాన్ తీసుకుని నిండు క్యాన్ దింపి వెళ్తుంది. పట్నాల్లోనే కాదు, పల్లెల్లో కూడా చాలా ఇళ్లకు తాగునీరు ఇప్పుడు ఇలాగే వస్తోంది. మరికొన్ని ఇళ్లలో వంటగది గోడకు ఆర్వో మెషిన్ ఉంటుంది. ఆ మెషిన్ అమ్మడానికి వచ్చినవాళ్ల దగ్గరా, నీళ్ల ప్లాంటు నడిపేవాళ్ల దగ్గరా పెన్నులాంటి చిన్న మీటరు ఒకటి ఉంటుంది. దాన్ని బోరు నీటిలో ముంచితే 800 అని చూపిస్తుంది, శుద్ధి చేసిన నీటిలో ముంచితే 45 అని చూపిస్తుంది. "చూశారా అమ్మా, ఎంత తేడానో!" అంటారు. అంకె తగ్గింది కాబట్టి నీళ్లు శుభ్రమైపోయాయని మనమూ నమ్మేస్తాం.

అయితే ఆ 45 అంకె ఉన్న నీళ్లే తాగుతున్న ఇంట్లో పిల్లలకు విరేచనాలు పట్టుకోవచ్చు. ఏ నీళ్లు తాగుతున్నారని డాక్టరు అడిగితే "మినరల్ వాటరేనండీ, వేరే నీళ్లు ముట్టనే ముట్టం" అని తల్లి జవాబు చెబుతుంది. ఆమె చెప్పింది నిజమే. మీటరు చూపించిన అంకె కూడా నిజమే. మరి జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ మీటరు ఏం కొలుస్తుందో, ఏం కొలవలేదో తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. శుద్ధి చేసిన నీటిలోకి బ్యాక్టీరియా మళ్లీ ఎలా చేరుతుందో, దాన్ని పట్టుకునే అసలు పరీక్ష ఏమిటో తెలిస్తే మిగతా సగం తెలుస్తుంది.

మీటరు కొలిచేది ఉప్పుల్ని

టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న ఘనపదార్థాల మొత్తం. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడు, బైకార్బొనేటు వంటివి నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతాయి. మీటరు కొసన రెండు లోహపు ముక్కలుంటాయి. వాటి మధ్య నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారితే అంత ఎక్కువ ఉప్పులున్నట్టు. ఆ ప్రవాహాన్నే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అంకెగా మార్చి మీటరు చూపిస్తుంది. అందులో ఏ ఉప్పు ఎంత ఉందో కూడా అది చెప్పలేదు. నల్లగొండ ప్రాంతాన్ని తరాలుగా పీడించిన ఫ్లోరైడు సంగతే చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది ఎముకలకూ పళ్లకూ ముప్పు. వందల్లో ఉండే మొత్తం అంకెలో ఆ ఒకటిన్నర వాటా ఎంతో తేల్చడం ఈ మీటరు వల్ల అయ్యే పని కాదు.

ఇక బ్యాక్టీరియా నీటిలో కరిగే పదార్థమే కాదు. అది నీటిలో తేలుతూ బతికే ప్రాణి. ఒక బ్యాక్టీరియా బరువు గ్రాములో సుమారు లక్ష కోట్లవ వంతు. మిల్లీలీటరుకు లక్ష చొప్పున బ్యాక్టీరియా ఉన్న నీటిని ఊహించుకోండి. లీటరులో పది కోట్లుంటాయి. అన్నింటినీ కలిపి తూచినా మిల్లీగ్రాములో పదో వంతే వస్తుంది. ఒకటి కంటే చిన్న తేడాను చూపలేని మీటరుకు ఆ పది కోట్ల ప్రాణులు ఉన్నా లేనట్టే. మన కంటికీ అంతే. మిల్లీలీటరుకు కోటి దాకా చేరితే గానీ నీళ్లు మసకబారినట్టు కనిపించవు. రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియకపోవచ్చు.

కాబట్టి టీడీఎస్ అంకె ఉప్పుల సంగతి మాత్రమే చెబుతుంది. ఆ నీటిలో రోగకారక క్రిములు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

పొర దాటలేని క్రిమి క్యాన్‌లోకి ఎలా వచ్చింది?

ఆర్వో మెషిన్‌లో నీటిని వడకట్టే పొర రంధ్రాలు మైక్రానులో వెయ్యో వంతు కంటే సన్నవి. బ్యాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది. పొరకు చిరుగు లేకుండా, దాని చుట్టూ ఉన్న రబ్బరు వాషర్ల దగ్గర సందు లేకుండా ఉంటే బ్యాక్టీరియా అటు వైపు నుంచి ఇటు రాలేదు. అసలు ఇబ్బంది పొర దాటిన తర్వాత మొదలవుతుంది. అది ఎలా జరుగుతుందో వరసగా చూద్దాం.

మొదటి మెట్టు క్లోరిన్. మున్సిపాలిటీ నీటిలో కలిపే క్లోరిన్ పైపు పొడవునా క్రిముల్ని చంపుతూ వస్తుంది. కానీ అదే క్లోరిన్ ఆర్వో పొరను పాడు చేస్తుంది. అందుకని పొరకు ముందే కార్బన్ ఫిల్టరు పెట్టి క్లోరిన్‌ను తీసేస్తారు. అంటే పొర దాటి వచ్చిన నీటిలో ఉప్పులు తగ్గిపోతాయి, దాంతోపాటు కాపలా కాసే మందూ ఉండదు. ఆ తర్వాత ఎక్కడ ఒక్క క్రిమి పడినా దాన్ని ఆపే క్లోరిన్ ఉండదు.

రెండో మెట్టు యూవీ దీపం. 254 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి బ్యాక్టీరియా డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న భాగాల్ని అతికించేస్తుంది. దాంతో అది తన నకలు తీసుకోలేదు, పెరగలేదు. ఇది మంచి పద్ధతే. అయితే నీళ్లు దీపం ముందు నుంచి పోతున్న ఆ కొద్ది క్షణాలే దాని ప్రభావం ఉంటుంది. దీపం దాటిన నీటికి ఏ రక్షణా ఉండదు. పైగా దీపం వెలుగుతున్నట్టు కనిపిస్తున్నా, నెలలు గడిచేకొద్దీ దాని చంపే శక్తి తగ్గిపోతుంది. ఓజోన్ వాయువు కలిపినా అంతే, కాసేపటికి అది మామూలు ఆక్సిజన్‌గా మారిపోతుంది.

మూడో మెట్టు నిల్వ. శుద్ధి అయిన నీళ్లు ట్యాంకులోకి, అక్కడి నుంచి గొట్టాల్లోకి, కుళాయిలోకి, క్యాన్‌లోకి వెళ్తాయి. ట్యాంకు గోడలకూ గొట్టాల లోపలా బ్యాక్టీరియా అతుక్కుని, తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ జిగురు లోపల ఉన్నవాటిని మందు కూడా సులువుగా చేరలేదు. అప్పుడప్పుడు అందులోంచి కొన్ని ఊడి నీటిలో కలుస్తుంటాయి.

ఇంత శుభ్రమైన నీటిలో వాటికి తిండి ఎక్కడిదన్న అనుమానం సహజం. వాటికి కావలసింది చాలా తక్కువ. బ్యాక్టీరియా తినగల కార్బన్ ఒక్క మైక్రోగ్రాము దొరికితే చాలు, పది లక్షలకు పైగా కణాలు పెరగగలవు. బాట్లింగ్ చేసిన రోజు లెక్కకు కొన్నే ఉన్న బ్యాక్టీరియా, మూత తీయని సీసాలోనే కొద్ది రోజుల్లో మిల్లీలీటరుకు వేలల్లోకి చేరడం శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు గమనించారు.

నాలుగో మెట్టు క్యాన్. అది ఎన్నో ఇళ్లు తిరిగి వస్తుంది. ఒక ఇంట్లో బియ్యం కడగడానికి ముంచిన చెయ్యి, మరో ఇంట్లో ఎండలో ఆకుపచ్చ నాచు పట్టేదాకా ఉంచిన అలవాటు, ఇంకో చోట పైపైన కడిగి తిరిగి నింపిన తొందర, ఇవన్నీ ఆ క్యాన్‌లోకి చేరతాయి. ఇంటికొచ్చాక దాన్ని బోర్లించే డిస్పెన్సరు, దాని కుళాయి, ముంచే గ్లాసు చివరి మెట్టు. ప్లాంటులో మెషిన్ దగ్గర పట్టిన నీరు పరీక్షలో నెగ్గినా, అదే నీరు మన గ్లాసులో ఓడిపోవడానికి ఇన్ని చోట్ల అవకాశముంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇలా నీటిలోనే బతికి పెరిగే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆరోగ్యవంతుల్ని ఏమీ చేయవు. వాటిలో సూడోమోనాస్ ఏరుజినోసా వంటి కొన్ని మాత్రం రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ప్రమాదం తెస్తాయి. అసలు భయపడాల్సింది మనిషి మలం నుంచో పశువుల పేడ నుంచో వచ్చే క్రిముల గురించి. కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు అన్నీ ఆ దారిలోనే వస్తాయి. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటి పైపులోకి మురుగు చేరి పలువురి ప్రాణాలు పోయాయి. అందుకే నీటి పరీక్ష మొదట వెతికేది మలం జాడనే.

ప్రతి క్రిమినీ వెతకక్కర్లేదు

నీటి ద్వారా వచ్చే రోగకారక క్రిములు పదుల రకాలున్నాయి. ప్రతిదానికీ వేరే పరీక్ష, వేరే ఖర్చు. పైగా అవి ఉన్నా చాలా కొద్దిగా, అప్పుడప్పుడే ఉంటాయి. ఈ రోజు వెతికితే దొరకనిది రేపు ఉండవచ్చు. ఈ చిక్కుకు శాస్త్రవేత్తలు ఒక దారి కనిపెట్టారు. క్రిమిని కాకుండా, అది వచ్చే దారిని వెతకడం.

1885లో థియోడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసికందుల మలంలో ఒక బ్యాక్టీరియాను గుర్తించి వివరించాడు. తర్వాత ఆయన పేరు మీదుగానే దానికి ఎషెరీషియా కోలి అని పేరు వచ్చింది. మనం ఇ.కోలి అంటున్నది దాన్నే. అది ఆరోగ్యంగా ఉన్న దాదాపు ప్రతి మనిషి పేగుల్లోనూ కోట్లలో ఉంటుంది. దానిలో చాలా రకాలు హాని చేయనివే. మామూలుగా శుభ్రమైన నీటిలో అది పెరగదు, కొన్నాళ్లు బతికి చనిపోతుంది. అంటే తాగే నీటిలో ఇ.కోలి కనిపించిందంటే, ఆ నీటిలో ఈ మధ్యనే మలం కలిసిందని అర్థం. మలం కలిసిన దారిలోనే కలరా క్రిమి, టైఫాయిడ్ క్రిమి కూడా రావచ్చు. అందుకే ఇ.కోలిని సూచక బ్యాక్టీరియా అంటారు. దాన్నీ, దాని దగ్గరి బంధువుల్నీ కలిపి కోలిఫామ్‌లు అంటారు. వాటిలో కొన్ని మట్టిలోనూ ఆకుల మీదా కూడా ఉంటాయి. అందువల్ల కోలిఫామ్ కనిపిస్తే శుద్ధిలోనో నిల్వలోనో లోపం ఉందని అనుమానించాలి. ఇ.కోలి కనిపిస్తే మలం కలిసినట్టే లెక్క.

నీటిలో బ్యాక్టీరియాను లెక్కపెట్టడం ప్రాణాల్ని కాపాడుతుందని ప్రపంచానికి తెలిసొచ్చింది 1892లో. కలరా క్రిమిని అంతకు ఎనిమిదేళ్ల ముందు కలకత్తాలో గుర్తించిన రాబర్ట్ కోచ్, ఆ ఏడాది జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా మీద పరిశోధన చేశాడు. హాంబర్గ్, దాన్ని ఆనుకునే ఉన్న ఆల్టోనా, రెండూ ఎల్బ్ నది నీటినే తాగేవి. ఆల్టోనా ఇంకా దిగువన, హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాతి నీటిని తీసుకునేది. అయినా హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది చనిపోయారు, ఆల్టోనాలో జబ్బు అంతగా పాకలేదు. హాంబర్గ్ నీటిని వడకట్టకుండా పంపింది, ఆల్టోనా ఇసుక పొరల్లో వడకట్టి పంపింది. తేడా అదొక్కటే. వడకట్టిన నీటిలో మిల్లీలీటరుకు 100కు మించి బ్యాక్టీరియా ఉండకూడదని కోచ్ ఒక హద్దు పెట్టాడు. అదే 100 అంకె ఇప్పటికీ మన ప్యాకేజ్డ్ నీటి ప్రమాణంలో ఉంది.

పాలలోని చక్కెర పలికే సాక్ష్యం

ల్యాబ్‌లో బ్యాక్టీరియాను నేరుగా చూసి లెక్కపెట్టడం కష్టం. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒకే ఒక్క ఇ.కోలి ఉంటే మైక్రోస్కోపు కింద దాన్ని వెతకడం అయ్యే పని కాదు. అందుకని దానికి తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, పెరగనిస్తారు. అనుకూలమైన చోట ఇ.కోలి సుమారు 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఎనిమిది గంటలు గడిచేసరికి ఒకటి కాస్తా కోటిన్నర దాటుతుంది. అప్పుడు అది కంటికి కనిపించే ఆనవాలు వదులుతుంది.

రాత్రి గోరువెచ్చని పాలలో తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది కదా. తోడులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తిని ఆమ్లంగా మారుస్తుంది, ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. ల్యాబ్ పరీక్షకు ఆధారం కూడా ఆ లాక్టోజే. కోలిఫామ్‌లు లాక్టోజ్‌ను పులియబెట్టి ఆమ్లాన్నీ వాయువునూ విడుదల చేస్తాయి. మాకాంకీ ద్రావణంలో లాక్టోజ్‌తో పాటు పిత్త లవణాలుంటాయి. పేగుల్లో పైత్యరసానికి అలవాటు పడ్డ బ్యాక్టీరియా వాటిని తట్టుకుంటుంది, చాలా ఇతర రకాలు తట్టుకోలేవు. ఆమ్లం పుడితే ద్రావణం రంగు మారుతుంది. గొట్టం లోపల బోర్లించి పెట్టిన చిన్న గాజు గొట్టంలో వాయువు బుడగగా నిలుస్తుంది. రంగు మారి, బుడగ కనిపిస్తే కోలిఫామ్‌లు ఉన్నట్టే.

ఈ సూత్రం మీదే మూడు పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటిది గొట్టాల పద్ధతి. ఒకే నీటిని 10 మిల్లీలీటర్లు, 1 మిల్లీలీటరు, 0.1 మిల్లీలీటరు చొప్పున ఐదేసి గొట్టాల్లో పోస్తారు. ఎన్నింటిలో రంగు మారిందో చూసి, ఆ సంఖ్యను బట్టి మొదట్లో ఎన్ని బ్యాక్టీరియా ఉండి ఉంటాయో పట్టికలో చూసి చెబుతారు. రిపోర్టులో ఎంపీఎన్ అని రాసేది ఈ అంచనానే.

రెండోది పొర పద్ధతి. 100 మిల్లీలీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న సన్నని పొర గుండా లాగుతారు. బ్యాక్టీరియా అంతా పొర మీదే చిక్కుకుంటుంది. ఆ పొరను అగార్ పోసిన పెట్రీ పళ్లెంలో పెట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. మర్నాటికి ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో చుక్కగా పెరుగుతుంది. ఆ చుక్కల్ని లెక్కపెడితే సరిపోతుంది. శుద్ధి చేసిన నీటిలో బ్యాక్టీరియా ఉన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, ఎక్కువ నీటిని ఒకే పొర మీదకు తెచ్చే ఈ పద్ధతి దానికి బాగా పనికొస్తుంది.

మూడోది ఎంజైమ్ పద్ధతి. నీటిలో ఒక పొడి కలుపుతారు. కోలిఫామ్‌ల ఎంజైమ్ ఆ పొడిలోని ఒక పదార్థాన్ని విడగొడితే నీరు పసుపు రంగుకు మారుతుంది. ఇ.కోలికి ఉండే మరో ఎంజైమ్ ఇంకో పదార్థాన్ని విడగొడితే, యూవీ దీపం కింద నీరు నీలంగా మెరుస్తుంది. రెండు ప్రశ్నలకు ఒకే సీసాలో జవాబు దొరుకుతుంది.

ఈ పద్ధతుల్లో వేడి కూడా ఒక సాధనం. సాధారణంగా 37 డిగ్రీల దగ్గర పెంచుతారు, అది మనిషి ఒంటి వేడి. మలం నుంచి వచ్చిన కోలిఫామ్‌ల్ని వేరు చేయడానికి 44 డిగ్రీల దాకా పెంచి చూస్తారు. ఆ వేడికి మట్టిలో బతికే రకాల్లో చాలావరకు పెరగలేవు.

బాక్స్: ప్రమాణాలు ఏమంటున్నాయి?

• తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల ఏ శాంపిల్‌లోనూ ఇ.కోలి కనిపించకూడదు.

• ప్యాకేజ్డ్ తాగునీటి ప్రమాణం ఐఎస్ 14543 ఇంకా కఠినం. 250 మిల్లీలీటర్లలో ఇ.కోలి, కోలిఫామ్‌లు, సూడోమోనాస్ ఏరుజినోసా, సాల్మొనెల్లా, కలరా క్రిమి వంటివి ఏవీ ఉండకూడదు.

• ఇదే ప్రమాణంలో మొత్తం బ్యాక్టీరియా లెక్కకూ హద్దుంది. 37 డిగ్రీల దగ్గర 24 గంటలు పెంచితే మిల్లీలీటరుకు 20, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర 72 గంటలు పెంచితే 100 మించకూడదు.

• క్లోరిన్ కలిపి సరఫరా చేసే నీటిలో, వాడకందారు కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

"కనిపించలేదు" అంటే ఎంతవరకు నమ్మాలి?

రిపోర్టులో "కనిపించలేదు" అని వస్తే ఊపిరి పీల్చుకుంటాం. ఆ మాట ఎంత దూరం చెల్లుతుందో తెలుసుకోవాలి.

మొదటి హద్దు శాంపిల్ పరిమాణం. 20 లీటర్ల క్యాన్‌లో 100 మిల్లీలీటర్లు అంటే 200వ వంతు. ఒక క్యాన్‌లో 200 ఇ.కోలి ఉన్నాయనుకుందాం. సగటున 100 మిల్లీలీటర్లకు ఒకటి వస్తుంది. కానీ అవి నీటిలో వరసగా నిలబడి ఉండవు. ఒక చోట రెండు మూడు ఉంటే మరో చోట ఒక్కటీ ఉండదు. అలాంటి క్యాన్ల నుంచి వంద శాంపిళ్లు తీస్తే, సుమారు 37 శాంపిళ్లలో ఒక్క ఇ.కోలి కూడా దొరకదు. కలుషితమైన నీరే మూడింట ఒక వంతుకు పైగా సార్లు పరీక్షలో నెగ్గేస్తుందన్నమాట. అదే ఐదు శాంపిళ్లు తీసి చూస్తే, ఐదూ ఖాళీగా వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. ఒక్క మంచి రిపోర్టు కంటే, నెలనెలా వరసగా వచ్చిన మంచి రిపోర్టులకు విలువ ఎక్కువ ఉండడానికి కారణం ఇదే.

రెండో హద్దు కాలం. బ్యాక్టీరియా పెరగడానికి ఒక రోజు, నిర్ధారించడానికి ఇంకో రోజు పట్టవచ్చు. ఫలితం వచ్చేసరికి ఆ నీటిని తాగేసి ఉంటాం. డీఎన్‌ఏను గుర్తించే పీసీఆర్ పద్ధతి కొన్ని గంటల్లోనే చెబుతుంది గానీ, చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏను కూడా అది లెక్కలోకి తీసుకోవచ్చు. క్లోరిన్ చంపేసిన క్రిమికీ బతికున్న క్రిమికీ తేడా తెలియాలంటే పెంచి చూడటమే ఇప్పటికీ నమ్మకమైన దారి. అందులోనూ ఒక లోటుంది. మందు దెబ్బ తగిలిన కొన్ని బ్యాక్టీరియా బతికే ఉండి, పళ్లెంలో మాత్రం పెరగవు.

మూడో హద్దు, ఇ.కోలి చెప్పలేని సంగతులు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తాగునీటిలో చేరి, సుమారు నాలుగు లక్షల మంది జబ్బుపడ్డారని అంచనా. దాని గట్టి పెంకును క్లోరిన్ ఛేదించలేదు. క్లోరిన్‌కు ఇ.కోలి చచ్చిపోయి, ఈ పరాన్నజీవి మిగిలిపోతే పరీక్ష "బాగుంది" అనే చెబుతుంది. అందుకే పరీక్షతో పాటు వడపోత, క్రిమిసంహారం, నిల్వ అన్నీ సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

ఇన్ని హద్దులున్నా ఈ పరీక్ష విలువ తగ్గదు. ఇ.కోలి కనిపిస్తే ఆ నీళ్లు తాగకూడదని ఖాయంగా తెలుస్తుంది. కనిపించకపోతే ముప్పు తగ్గిందని తెలుస్తుంది, పూర్తిగా పోయిందని కాదు.

గ్వాలియర్ నుంచి వచ్చిన సీసా

ల్యాబ్, ఇంక్యుబేటర్, శిక్షణ ఉన్న మనుషులు అన్ని ఊళ్లలో ఉండరు. ఈ ఇబ్బందికి మన దేశంలోనే ఒక చక్కటి పరిష్కారం పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో కె.ఎస్. మంజా, ఎం.ఎస్. మౌర్య, కె.ఎం. రావు కలిసి తయారు చేసిన పరీక్షను 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. దాన్నే ఇప్పుడు హెచ్‌2ఎస్ సీసా అంటున్నారు.

పేగుల్లో ఉండే చాలా బ్యాక్టీరియా గంధకం ఉన్న పదార్థాల్ని విడగొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి. కుళ్లిన గుడ్ల వాసన దానిదే. సీసాలో ముందుగానే ఆరబెట్టి ఉంచిన కాగితం ముక్కలో బ్యాక్టీరియాకు తిండీ, గంధకమూ, ఇనుమూ ఉంటాయి. గీత దాకా నీళ్లు నింపి మూత పెట్టి, 30 డిగ్రీలకు పైన వెచ్చగా ఉండే చోట వదిలేస్తే చాలు. మన వేసవిలో గది వేడే సరిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పుడితే అది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఒక రోజులో, ఒక్కోసారి రెండు రోజుల్లో నీరు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి.

దీనికీ హద్దులున్నాయి. కొన్ని బోరు నీళ్లలో సహజంగానే గంధకం ఉండి నీరు నల్లబడవచ్చు. మలం కొద్దిగా కలిసిన నీరు నల్లబడకపోవచ్చు. కాబట్టి నల్లబడిన నీటిని ల్యాబ్‌కు పంపి నిర్ధారించుకోవాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. ఈ సీసాలు వాళ్ల చేతుల్లో ఉంటే, ఊరి నీళ్ల మీద ఊరివాళ్ల నిఘానే ఉంటుంది.

బాక్స్: శాంపిల్ పట్టే పద్ధతి

పరీక్ష ఎంత మంచిదైనా శాంపిల్ సరిగా పట్టకపోతే ఫలితం తప్పుతుంది.

1. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసానే వాడాలి. కూల్‌డ్రింక్ సీసా ఎంత కడిగినా పనికిరాదు.

2. నీటిలో క్లోరిన్ ఉంటే సోడియం థయోసల్ఫేట్ వేసిన సీసా అడగాలి. లేకపోతే దారిలోనే క్లోరిన్ క్రిముల్ని చంపేసి, ఫలితం లేనిపోని భరోసా ఇస్తుంది.

3. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత లోపలి వైపు గానీ సీసా అంచు గానీ తాకకూడదు. మూతను కింద పెట్టకూడదు.

4. ప్లాంటు నీటి నాణ్యత తెలియాలంటే ప్లాంటు కుళాయి దగ్గర పట్టాలి. మీ ఇంటి నీళ్లు తెలియాలంటే డిస్పెన్సరు కుళాయి దగ్గర పట్టాలి. రెండూ పట్టి పోల్చితే లోపం ఏ మెట్టు దగ్గరుందో తెలుస్తుంది.

5. సీసాను నిండా నింపకుండా పైన కొంచెం ఖాళీ ఉంచాలి. ఐసు పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లో, ఆలస్యమైనా 24 గంటల లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

అడగడం మన హక్కు

2001 నుంచి ప్యాకేజ్డ్ నీటికి ఐఎస్ఐ ధ్రువీకరణ తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ తప్పనిసరి నిబంధనను తొలగించారు. ఆ ఏడాది చివర్లోనే ప్యాకేజ్డ్ తాగునీటిని ఎక్కువ ముప్పున్న ఆహార పదార్థాల వర్గంలో చేర్చారు. దాంతో తయారీదారులకు తనిఖీలు, ఆడిట్లు పెరిగాయి. సీలు వేసిన సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. కానీ వీధి ప్లాంటు నుంచి వచ్చే క్యాన్ల మీద చాలాసార్లు ఏ నంబరూ ఉండదు, ఏ తేదీ ఉండదు. అక్కడ మనకు మిగిలిన ఆయుధం అడగడమే.

ప్లాంటువాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. చివరిసారి బ్యాక్టీరియా పరీక్ష ఎప్పుడు చేయించారు, రిపోర్టు చూపిస్తారా? ట్యాంకునూ గొట్టాలనూ ఎన్నాళ్లకోసారి, ఏ మందుతో శుభ్రం చేస్తారు? ఖాళీ క్యాన్లను ఎలా కడుగుతారు? జవాబుగా టీడీఎస్ మీటరు బయటికి తీస్తే, అది ఈ ప్రశ్నలకు జవాబు కాదని మర్యాదగా చెప్పండి.

పరీక్ష చేయించుకోవాలనుకుంటే దారులున్నాయి. గ్రామీణ తాగునీటి ల్యాబ్‌లలో నామమాత్రపు రుసుముతో సామాన్యులూ నీళ్లు పరీక్ష చేయించుకునేలా కేంద్రం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడా నీటి పరీక్షలు చేస్తుంది. పది ఇళ్లవాళ్లు కలిసి ఒక శాంపిల్ ఇస్తే ఖర్చు ఎవరికీ భారం కాదు.

ఇంట్లో చేయాల్సినవి కూడా సులువైనవే. డిస్పెన్సరునూ దాని కుళాయినీ విప్పి తరచూ కడిగి ఆరబెట్టండి. క్యాన్‌ను ఎండ తగలని చోట పెట్టండి. తెరిచిన క్యాన్‌ను రోజుల తరబడి ఉంచకండి. గ్లాసు ముంచకుండా కుళాయితోనే పట్టుకోండి. ఆర్వో మెషిన్ ఫిల్టర్లు, యూవీ దీపం మార్చాల్సిన తేదీని మెషిన్ మీదే రాసి పెట్టండి. ఊళ్లో విరేచనాలు ప్రబలినప్పుడు, ఇంట్లో పసిపిల్లలో ముసలివాళ్లో ఉన్నప్పుడు ఏ నీటినైనా తెర్లేదాకా కాచి, అలా ఒక నిమిషం మరిగించి చల్లార్చుకుని తాగండి. కాచడానికి వీలు లేకపోతే క్లోరిన్ మాత్రను ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేసి, కనీసం అరగంట ఆగండి.

మెషిన్ నుంచి బయటికి వచ్చిన క్షణానికి నీరు ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ శుభ్రత నోటిదాకా నిలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. దాన్ని నిలబెట్టేది వరసగా చేసే పరీక్షలు, శుభ్రంగా ఉంచే ట్యాంకులు, కడిగిన క్యాన్లు. ఈ నెల మీ ఇంటికి నీళ్లు పంపే ప్లాంటువాళ్లను బ్యాక్టీరియా రిపోర్టు అడగండి. నలుగురూ అడిగితే ప్లాంటువాళ్లు పరీక్షలు చేయించక తప్పదు.